సెప్సిస్ అలర్ట్‌లపై అధ్యయనం: సిస్టమ్ లాగ్ ఒక్కటే సరిపోతుందా?

రాత్రిడ్యూటీ (ప్రశ్న):
నమస్తే అండి. వార్డు నర్సింగ్ నుంచి డిజిటల్ హెల్త్ పరిశోధనలోకి మారుతున్నాను. మొదటి అధ్యయనం సెప్సిస్‌ను (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే ప్రాణాపాయ స్థితి) ముందే పసిగట్టే సాఫ్ట్‌వేర్ మీద. అలర్ట్ మోగిన సమయం, నర్సు దాన్ని తెరిచిన సమయం, మొదటి యాంటీబయాటిక్ డోసు సమయం మూడూ సిస్టమ్ నమోదు చేసే లాగ్‌లో ఉన్నాయి. పేషెంట్ల పేర్లు తీసేస్తే ఎథిక్స్ కమిటీకి చాలదా? ఇంకేం చూసుకోవాలి?

లెక్కలపుస్తకం:
లాగ్ సమయాల్ని ఉన్నవి ఉన్నట్టు నమ్మకండి. బీపీ, పల్సు ఆరింటికి చూసి, చీటీ మీద రాసుకుని, ఎనిమిదింటికి కంప్యూటర్లో ఎక్కించడం మీకు తెలియనిది కాదు. మోడల్‌కి, అంటే అలర్ట్ ఇచ్చే ఆ సాఫ్ట్‌వేర్‌కి, ఆ రీడింగ్ అందేది ఎనిమిదింటికే. ఆలస్యం మోడల్‌దా, నమోదుదా? తేలాలంటే కొలిచిన సమయం, ఎక్కించిన సమయం వేర్వేరు కాలమ్‌లుగా అడిగి తీసుకోండి.

'తెరిచారు' అని ఉన్నంత మాత్రాన మంచం దగ్గరికి వెళ్లినట్టు కాదు. మందులు నమోదు చేస్తుంటే పాపప్ అడ్డొచ్చి మూసేసినా లాగ్‌లో అదే పడొచ్చు. కొన్ని షిఫ్టులు పక్కన నిలబడి, చూసింది రాసుకుని, లాగ్‌తో పోల్చండి. నర్సు కన్ను పనికొచ్చేది ఇక్కడే.

సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో ఎంతమందిని పట్టుకుంది) ఒక్కటి రాసి ఆపేయకండి, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో ఎంతమందికి అలర్ట్ ఇవ్వలేదు) కూడా చూడండి. 1000 మందిలో 50 మందికి సెప్సిస్ ఉందనుకుందాం. సెన్సిటివిటీ 80 శాతం, స్పెసిఫిసిటీ 85 శాతం అయితే సరైన అలర్ట్‌లు 40, ఉత్తవి దాదాపు 143. ఐదింట్లో నాలుగు ఉత్తవే! 'నర్సులు పట్టించుకోలేదు' అని రాసేముందు ఈ లెక్క వేసి తీరాలి. 2021లో మిషిగన్ యూనివర్సిటీ పరిశోధకులు ఎపిక్ అనే ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ కంపెనీ సెప్సిస్ మోడల్‌ను పరీక్షిస్తే ఏయూసీ (జబ్బున్నవాళ్లను, లేనివాళ్లను ఎంత బాగా వేరు చేస్తుందో చెప్పే కొలత; 0.5 అంటే బొమ్మాబొరుసు, 1 అంటే తప్పే లేదు) 0.63 వచ్చింది. సెప్సిస్ వచ్చినవాళ్లలో 67 శాతం మందిని అది పట్టుకోలేకపోయింది. అయినా ఆస్పత్రిలో చేరినవాళ్లలో 18 శాతం మందికి అలర్ట్ ఇచ్చింది.

యాంటీబయాటిక్ ఆర్డర్ కూడా మోడల్ ఇన్‌పుట్‌లో ఉందేమో కనుక్కోండి. ఉంటే డాక్టరు అప్పటికే అనుమానించిన సంగతినే అది తిరిగి చెబుతోందన్నమాట.

గోప్యతముందు:
పేర్లు తీసేస్తే చాలదండి. వయసు, వార్డు, చేరిన తేదీ, అరుదైన జబ్బు కలిస్తే మనిషి దొరికిపోతాడు. ఒక్కో పేషెంటుకు ఒక్కో యాదృచ్ఛిక సంఖ్య తీసుకుని, తేదీలన్నీ అన్నే రోజులు జరపండి. ఆ సంఖ్య 7 గుణిజమైతే వారం రోజు చెడదు, వ్యవధులూ చెడవు. నర్సింగ్ నోట్స్ అవసరం లేకపోతే అడగనే వద్దు, వాటిలో బంధువుల పేర్లు, ఫోన్ నంబర్లు దూరి ఉంటాయి.

మీరు వదిలేసింది ఇంకొకటుంది. లాగ్‌లో నర్సుల లాగిన్‌లు ఉంటాయి కాబట్టి వాళ్లూ మీ అధ్యయనంలో భాగమే. లాగిన్‌ల బదులు కోడ్ పెట్టి, ఏ కోడ్ ఎవరిదో చెప్పే తాళంచెవి ఫైల్ యాజమాన్యానికి అందకుండా చూడండి. రాత్రి షిఫ్టులో ఇద్దరే ఉండే వార్డులో కోడ్ కూడా కాపాడదు, అలాంటి వార్డుల్ని కలిపి చూపండి. నర్సుల వ్యక్తిగత డేటా పనితీరు మదింపుకు వాడబోమని మొదలుపెట్టక ముందే యాజమాన్యం నుంచి రాతపూర్వకంగా హామీ తీసుకోండి. లేదంటే లెక్కపెడుతున్నారని తెలిసిన మరుక్షణం అందరూ అలర్ట్ రాగానే నొక్కేస్తారు, మీ డేటా చెడిపోతుంది.

రాత్రిడ్యూటీ:
చాలా థాంక్సండి. అలర్ట్‌లు తెర మీద చూపకుండా కొన్ని వారాలు నడపాలనీ, పేషెంట్లను ఇంటర్వ్యూ చేయాలనీ ఉంది. నేనే చేయొచ్చా?

గోప్యతముందు:
మీ చేతి కింద ఉన్న పేషెంటును మీరు అడగకూడదు. సెలైన్ మార్చే మనిషే సంతకం అడిగితే కాదనడం వాళ్లకు కష్టం. వైద్యంతో సంబంధం లేనివాళ్లతో అడిగించండి, ఆలోచించుకోవడానికి ఒక రోజు ఇవ్వండి.

అలర్ట్‌లు దాచి నడిపే దశలో మోడల్ ఇచ్చే సెప్సిస్ ముప్పు స్కోర్లు మీకు అప్పటికప్పుడు కనబడకూడదు. ఎక్కువ స్కోరు చూస్తూ కూర్చోవడం నర్సుకు కుదరదు, కదిలితే అధ్యయనం మారిపోతుంది. అందుకే పేషెంట్లు డిశ్చార్జి అయ్యాకే ఫైల్ బయటికి తీయించండి. ఎవరైనా పొరపాటున ముందే చూస్తే ఎవరికి ఫోన్ చేయాలో ప్రోటోకాల్‌లో హోదాతో సహా రాసి ఉంచండి.