అప్‌డేట్: మా బరంపురం అప్పడాల షాపు సైట్ మళ్లీ తెరుచుకుంది

పోయిన నెల అడిగాను కదా, మా అప్పడాలు, పచ్చళ్ల షాపు వెబ్‌సైట్ ఉన్నట్టుండి రావడం లేదని. ముందు డొమైన్ (అంటే సైట్ అడ్రస్ పేరు) గడువు అయిపోయిందేమో చూడమన్నారు, సరిగ్గా అదే. సైట్ చేసిన అబ్బాయి డొమైన్‌ని తన పేరు మీదే, తన మెయిల్‌తోనే కొన్నాడు, రెన్యూవల్ మెయిళ్లన్నీ అతనికే వెళ్లాయి, ఈలోగా అతను ఊరూ నంబరూ మార్చేశాడు. వాళ్లన్నయ్యని పట్టుకుని కనుక్కునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. డాట్‌కామ్ పేరుని రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) తీసేశాక కూడా 30 రోజులు విడిపించుకునే వీలుంటుంది, కాకపోతే మామూలు ఫీజు కంటే చాలా ఎక్కువ. కట్టేశాం. ఇప్పుడు అకౌంట్ మా అమ్మ పేరు మీద ఉంది, ఆటో రెన్యూవల్ పెట్టాం.

ఇంకోటి ఫోటోలు. ఫోన్‌లో తీసిన 5 ఎంబీవి అలాగే ఎక్కించేశాం. ఛత్రపురంలో మా పిన్ని తెరిస్తే అప్పడాల కట్ట పైసగం వచ్చి ఆగిపోయింది, కిందంతా తెల్లగా. వెబ్‌పీలోకి (తక్కువ సైజులో ఉండే ఫోటో ఫార్మాట్) మార్చి ఒక్కోటి 150 కేబీకి తెచ్చాం, ఇప్పుడు టక్కున వస్తోంది.

ఫోన్ నంబరు బ్యానర్ బొమ్మలో ఉండేది, నొక్కితే కాల్ వెళ్లేది కాదు, అదీ మార్చాం. రేట్లు ఒడియాలో కూడా పెట్టాలి, ఈ వారం మా చెల్లి టైప్ చేస్తోంది. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్ అండి.