పాత ఇంటి గోడ కింది భాగంలో సున్నం పూత నిలవడం లేదు

హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్‌కు దగ్గర్లో నిజాం కాలంనాటి రెండంతస్తుల ఇల్లు మాది. 1935 నాటి ఆ మార్కెట్‌ను బాగుచేసి 2020లో తెరిచారు కదా, అలాగే మాదీ కూలగొట్టకుండా నిలబెట్టి కింద దుకాణాలకు ఇవ్వాలని గట్టిగా అనుకున్నాం.

గోడలు ఒకటిన్నర అడుగు మందం. ఇటుక, డంగు సున్నం (గానుగలో ఇసుకతో కలిపి రుబ్బిన సున్నం). వీధి వైపు ఎప్పుడో సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు. నేల నుంచి మూడడుగుల దాకా చెమ్మ, తెల్లగా ఉప్పు పొర. వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే వానలకు బుడగలు లేచి ఊడింది. దాంతో సిమెంటంతా తీయించి, సందులు గీకించి, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి పూత వేయించాం. వారం పాటు తడి గోనెపట్టాలు కట్టి ఉంచాం. పైభాగం రాయిలా గట్టిపడింది. ఆ కింది మూడడుగులే నెల తిరక్కుండా మళ్లీ ఉప్పు తేలి, గోటితో గీకితే పిండిలా రాలుతోంది. పైపుల లీకేజీ లేదని ప్లంబరు చూసి చెప్పాడు. రోడ్డు మాత్రం పొర మీద పొర వేసి మా గుమ్మం కన్నా ఎత్తయింది.

మేస్త్రీ మళ్లీ సిమెంటే అంటున్నాడు. చెమ్మ బయటికి పోయే దారి లేక ఇటుకను తినేస్తుందని నేను ఒప్పుకోలేదు.

పాత సున్నం కట్టడాల మీద పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి: మళ్లీ పూత వేసేలోపు ఆ ఇటుకల్లోని ఉప్పును ఎలా బయటికి లాగాలి?