అగ్నిపర్వతాల పాదరసం: కాటేరు పొరల్లో జాడ దొరుకుతుందా?

ప్రశ్న (అమలాపురం నుంచి): భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేశాను. అగ్నిపర్వతాలు వెలువరించే పాదరసంపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. మన దేశంలో నేడు క్రియాశీలంగా ఉన్నది అండమాన్‌లోని బారెన్ ద్వీపం ఒక్కటే కనుక, గోదావరి డెల్టాలో ఉంటూ ఈ పరిశోధన సాధ్యమేనా?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి): సాధ్యమేనండి. కాటేరు, పంగిడి క్వారీల్లోని నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ లావాకు చెందినదే. ఆవిరిగా వెలువడిన పాదరసం నెలల తరబడి గాలిలో తిరిగి, ఆక్సీకరణ చెంది, వానతో నేలకు దిగి, బురదలోని సేంద్రియ పదార్థానికి అంటుకుంటుంది. అందువల్ల లావాను కాక, దాని పొరల మధ్య చిక్కిన అవక్షేపాలను పరీక్షించండి. (క్వారీవారి అనుమతి ముందే తీసుకోండి, పేలుళ్ల వేళలు కూడా అడగండి.)

జవాబు (కాకినాడ నుంచి): ఒక సవరణ. సేంద్రియ కర్బనం ఎక్కువున్న బురదలో పాదరసం సహజంగానే ఎక్కువగా నిలుస్తుంది కనుక, రెండింటి నిష్పత్తి చూడకుండా అగ్నిపర్వతమే కారణమనడం తొందరపాటు. అదీ చాలదని నా అభిప్రాయం. పాదరసానికున్న 7 స్థిర ఐసోటోపుల (బరువులో మాత్రమే తేడా ఉండే పాదరస పరమాణు రకాల) కొలతలు తోడైతేనే వాదన నిలుస్తుంది. ఎండకు, వానకు శిథిలమైన పైరాయిని మాత్రం తీసుకోకండి.

అమలాపురం నుంచి: కృతజ్ఞతలండి. అలాగైతే పాలకొల్లు ప్రాంతపు చమురు బావుల లోతు నమూనాల కోసం కూడా దరఖాస్తు చేస్తాను.