ఆగమన కాలపు అనుదిన ధ్యానంలో పఠనం ముందా, పునీతుల జీవితం ముందా?

పల్నాడు ఉపదేశి (ప్రశ్న)

ప్రభువు నామమున అందరికీ వందనములు. క్రిస్మసుకు సిద్ధపడే ఈ 2025 ఆగమన కాలం పొడవునా, ప్రతి ఉదయం ఒక చిన్న ధ్యానం రాసి మా విచారణ (పారిష్) వాట్సాప్ బృందంలో పెట్టే పనిని మా గురువైన స్వామివారు నాకు అప్పగించారు. కిందటేడు వచ్చిన ధ్యానాలను తిరగేసి చూస్తే సగానికి సగం పునీతుల జీవిత చరిత్రలే కనబడ్డాయి. డిసెంబరు 6న పునీత నికోలాసు గురించి, 13న పునీత లూసియా గురించి చదివినవారికి ఆయా రోజుల పూజలో చదివే బైబిలు పఠనాల ఊసే తెలియలేదు. అలాగని పునీతులను పక్కన పెడితే, తమ పేరుగల పునీతుల రోజున పేరు పండుగ జరుపుకునే కుటుంబాలు, ముఖ్యంగా పునీత ఫ్రాన్సిస్ శౌరి (జేవియర్) పేరు పెట్టుకుని మా ఊళ్లో వీధికొకరు ఉన్న శౌరయ్యలూ శౌరమ్మలూ నొచ్చుకుంటారు. పైగా ఈ ఏడాది పునీత అంద్రెయ, అంబ్రోసు, సిలువ యోహాను, పీటర్ కనీసియుసు పండుగలు నాలుగూ ఆదివారాల్లోనే పడ్డాయి. వీరి గురించి రాయాలా, మానాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

దైవార్చన పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలు

వందనాలండీ. పఠనాల అమరిక తెలిస్తే మీ సందేహం చాలావరకు తీరిపోతుంది. ఆగమన కాలంలో వారపు రోజుల పఠనాలు ఏటా అవే వస్తాయి. రెండవ వారం బుధవారం వరకు యెషయా గ్రంథాన్ని వరుసగా చదువుతూ, దానికి తగిన సువిశేష (సువార్త) భాగాన్ని జతచేస్తారు. ఆ గురువారం నుంచి సువిశేషం స్నాపక యోహాను వైపు తిరుగుతుంది. డిసెంబరు 17 నుంచి మత్తయి, లూకా మొదటి అధ్యాయాల్లోని జనన పూర్వ సంఘటనలు వస్తాయి. అంటే మొదటి రోజుల్లో ముందు నడిచేది యెషయా ప్రవక్త, సువిశేషం ఆయన మాటకు జవాబుగా వస్తుంది. మొదటి శుక్రవారమే చూడండి: గుడ్డివారి కన్నులు చీకటిలోనుండి చూచునని యెషయా 29వ అధ్యాయం పలికితే, ఆ వెంటనే మత్తయి 9వ అధ్యాయంలో ఇద్దరు గుడ్డివారు యేసు వెంటబడి కేకలు వేస్తారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, ఆనాటి ధ్యానం సగం పూర్తయినట్టే.

కాబట్టి పఠనమే ముందు. పునీతులు ఆ పఠనానికి సాక్షులుగా రావాలి. మీరు చెప్పిన డిసెంబరు 6నే తీసుకోండి. ఈసారి అది మొదటి వారం శనివారం. ఉచితంగా పొందారు కనుక ఉచితంగానే ఇవ్వండని యేసు శిష్యులకు చెప్పే భాగం ఆ రోజు సువిశేషంలో ఉంది. పేదింటి ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్ల కోసం నికోలాసుగారు రాత్రివేళ ఎవరికీ తెలియకుండా డబ్బు ఇచ్చారన్న సంప్రదాయ కథ అక్కడ రెండు వాక్యాల్లో ఇమిడిపోతుంది. అంతకు మించి ఆయన బిషప్పుగా ఉన్న మైరా పట్టణ చరిత్ర అంతా ఎత్తుకోనక్కరలేదు. పొత్తు కుదరని రోజున పునీతుల పేరు చెప్పి, ఒక ప్రార్థన జోడించి ముగించండి. బలవంతంగా ముడిపెట్టిన ధ్యానం చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

డల్లాస్‌లో ఉంటున్న గుంటూరు వాడు

అమ్మగారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఒక సంగతి చేర్చుతాను. డిసెంబరు 3న వచ్చే ఫ్రాన్సిస్ శౌరిగారి రోజు మన దేశంలో పెద్ద పండుగ కావడం వల్ల దానికి సొంత పఠనాలు ఉంటాయి: సువార్తను ప్రకటించకపోతే నాకు అనర్థమే అని పౌలు చెప్పే 1 కొరింతీ 9వ అధ్యాయం, లోకమంతటికీ వెళ్లమని చెప్పే మార్కు 16వ అధ్యాయం. ఇక్కడ అమెరికాలో అది మామూలు స్మరణ మాత్రమే కనుక, కొండమీద సకల జనులకు విందు అనే యెషయా 25వ అధ్యాయమే సాధారణంగా చదువుతారు. మీ ధ్యానాన్ని పరదేశంలో ఉన్న మీ ఊరివాళ్లు కూడా చదువుతారు కాబట్టి పైన పఠనాల వివరం తప్పక రాయండి. అది లేకపోవడంతో మా ప్రార్థన బృందంలో ఏటా ఇదే అయోమయం.

అయితే పునీతులను రెండు వాక్యాలకు కుదించడం మాత్రం నాకు అంతగా రుచించదు. 1542లో గోవాలో దిగి, పదేళ్లకే చైనా తీరాన ఒక ద్వీపంలో కన్నుమూసిన ఫ్రాన్సిస్ శౌరిగారి పేరు మన తాతముత్తాతల నుంచి ఇంటిపేరంత గట్టిగా నిలిచిందంటే, ఆ జీవితం చెప్పే అవకాశం ఏడాదికి ఒక్కరోజైనా ఉండాలి.

గుణదల వాసి

శౌరిగారి పండుగ విషయంలో డల్లాస్ సోదరుని మాట న్యాయమే, ఎందుకంటే ఆ రోజు పఠనాలే ఆయన కోసం ఎంచినవి. ఇక ఆదివారాల సంగతికి వస్తే, ఆగమన ఆదివారం వచ్చినప్పుడు పునీతుల స్మరణ పక్కకు తప్పుకుంటుంది, ఆ ఏడాదికి జరపరు. కానీ ఈసారి డిసెంబరు 14 చూడండి. మూడవ ఆదివారపు సువిశేషం మత్తయి 11వ అధ్యాయం: చెరలో ఉన్న స్నాపక యోహాను, రాబోవువాడవు నీవేనా అని శిష్యులచేత అడిగిస్తాడు. ఆ తేదీకి చెందిన పునీత సిలువ యోహానుగారిని 1577 డిసెంబరులో సొంత సన్యాస సభవారే పట్టుకుని తొలేదో పట్టణంలోని తమ మఠంలో బంధించారు. సన్నని సందులోంచి తప్ప వెలుతురు రాని ఇరుకు గదిలో ఎనిమిది నెలలకు పైగా ఉండి, అక్కడే తన గొప్ప గీతాల్లో చాలా భాగం అల్లుకుని, 1578 ఆగస్టులో తప్పించుకుని బయటపడ్డారు. స్మరణ జరపకపోయినా, చెరలోంచి వచ్చిన ప్రశ్న ఎంత బరువైనదో చెప్పడానికి ఇంతకంటే తగిన సాక్షి నాకు తోచడం లేదు. మిగతా ముగ్గురినీ ఈ ఏటికి వదిలేయవచ్చు.

మరొక మాట. డిసెంబరు 8న, అమలోద్భవి మాత పండుగ రోజున, కాస్త జాగ్రత్త పడండి. ఆనాటి సువిశేషం గబ్రియేలు దూత మరియమాతకు శుభవార్త చెప్పిన ఘట్టం కావడంతో, ఆ పండుగ యేసు గర్భధారణదని మా దగ్గర కూడా చాలామంది అనుకుంటారు. అది అన్నమ్మగారి గర్భంలో మరియమాత జన్మపాపం లేకుండా రూపొందిన పండుగ, అందుకే సరిగ్గా తొమ్మిది నెలలకు సెప్టెంబరు 8న ఆ తల్లి పుట్టిన పండుగ వస్తుంది. 1854లో తొమ్మిదవ పయస్ పాపుగారు దీనిని విశ్వాస సత్యంగా ప్రకటించారు, నాలుగేళ్లకు లూర్దులో బెర్నదెత్తమ్మకు ఆ తల్లి తన పేరుగా చెప్పుకున్నది దీనినే. ఫిబ్రవరిలో లూర్దుమాత ఉత్సవానికి గుణదల కొండ ఎక్కే మీ విచారణ వారికి ఈ సంబంధం చెబితే ఇట్టే పట్టుకుంటారు.

పల్నాడు ఉపదేశి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. డిసెంబరు 17న మత్తయి సువిశేషంలోని యేసు వంశావళి వస్తుంది. అన్ని పేర్ల మీద ధ్యానం ఎలా రాయాలి?

దైవార్చన పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలు

అన్ని పేర్లనూ ముట్టుకోకండి. మరియమ్మకు ముందు ఆ జాబితాలో నలుగురు స్త్రీలు కనబడతారు: తామారు, రాహాబు, రూతు, పేరు చెప్పకుండా ఊరియా భార్య అని మాత్రమే సూచించిన బత్షెబ. అన్యురాలైన రూతు కథ అందరికీ తెలిసిందే కనుక దానిని తీసుకుని, ఆమె బోవసు పొలంలో పరిగె ఏరుకున్న ఘట్టంతో మొదలుపెట్టండి. మరునాడు ఎటూ పునీత జోజప్పగారి కల వస్తుంది కాబట్టి ఆయన ప్రస్తావన ఆ రోజుకు అట్టిపెట్టుకోండి.