ఉయ్యాల బల్ల బొంతకి లోపలి మూలల్లో అంచు పట్టీ నీట్‌గా రావట్లేదు, ఎవరైనా చెప్పరూ

బ్రాడీపేట_సూదిదారం

నమస్తే అండీ, మాది గుంటూరు. మా అత్తయ్యగారికి ఉయ్యాల బల్ల మీద వేసుకోడానికి బొంత కుడుతున్నా. పైన ఆవిడ పాత మంగళగిరి చీరలే, ముక్కలు కోసి అతికాను, మధ్యలో పాత దుప్పటి, కింద కాటన్ లైనింగ్. సైజు 48 అంగుళాలు బై 20. మూడు పొరలూ కలిపి గీతలు గీతలుగా మెషిన్ కుట్టు వేయడం కూడా అయిపోయింది, అక్కడిదాకా బానే ఉంది.

చిక్కంతా చుట్టూ వేసే పట్టీ దగ్గరొచ్చింది. బల్లకి నాలుగు మూలల్లో గొలుసులు దిగుతాయి కదా, వాటికి అడ్డం రాకుండా బొంత నాలుగు మూలల్లోనూ మూడేసి అంగుళాల చదరం కోసేశాను. కోసేటప్పుడు తట్టలేదు, పట్టీ వేద్దామని కూర్చున్నాక లెక్కపెడితే మొత్తం 12 మూలలు! బయటి మూలలు వీడియో చూసి ఎలాగో తిప్పేస్తున్నా. లోపలికి తిరిగే మూల దగ్గరే పట్టీ మాట వినట్లేదు. మొదటిదానికి కట్ ఇవ్వకుండా లాగి కుట్టాను, అక్కడ బొంత గిన్నెలా లేచి కూర్చుంది. రెండోదానికి బ్లౌజు మెడకి ఇచ్చినట్టు కట్ ఇచ్చాను, అది కాస్తా లోతుగా పడి కుట్టు దాటిపోయింది. ఇప్పుడక్కడ పోగులు లేచి లోపల దుప్పటి కనపడుతోంది, ఏడుపొక్కటే తక్కువ.

పట్టీకి ఎర్ర రూబియా, రెండున్నర అంగుళాల వెడల్పు కోసి, మధ్యకి మడిచి ఇస్త్రీ చేసి పెట్టుకున్నా. క్రాస్‌గా కోయలేదు, తిన్నగానే. క్రాస్ పట్టీ అయితే వచ్చేదా? మళ్లీ గుడ్డ కొనాలా? పండక్కి ఇస్తానని చెప్పేశాను, అదో టెన్షన్.

బెజవాడ_బ్లౌజులు

ముందు ఆ మెషిన్ మీద గుడ్డ కప్పి కాసిని మంచినీళ్లు తాగండి. కొత్త గుడ్డ అక్కర్లేదు, క్రాస్ కూడా అక్కర్లేదు. గుండ్రంగా తిరిగే అంచుకైతే క్రాస్ పట్టీ కావాలి, ఏటవాలుగా కోసిన గుడ్డ సాగుతుంది కాబట్టి వంపు తిరుగుతుంది. మీ అంచులన్నీ తిన్నగానే ఉన్నాయి, మూలలే ఎక్కువ.

నేను బొంతలు కుట్టేదాన్ని కాదు, వన్‌టౌన్‌లో పదిహేడేళ్లుగా బ్లౌజులు కుడుతున్నా. కానీ మీరు చెప్పే లోపలి మూల నాకు రోజూ ఎదురయ్యే స్క్వేర్ నెక్ మూలే. పైపింగ్ వేసేటప్పుడు అక్కడ ఏం చేస్తాం? కట్ ఇచ్చి, మూల తెరిచి, తిన్నటి గీతలా చేసుకుని కుట్టుకుపోతాం. ఇక్కడా అంతే. కాకపోతే బ్లౌజులో పలచటి పొరలు రెండే, మీకు మధ్యలో దుప్పటి ఉంది, పైగా మంగళగిరి పాత చీర, పోగు తొందరగా జారుతుంది. అందుకే కట్ కన్నా ముందు ఓ కుట్టు పడాలి, నేను దాన్ని కాపలా కుట్టంటాను.

మూలకి రెండు వైపులా అంచు నుంచి పావు అంగుళం లోపలికి చాక్‌తో గీత గీయండి. రెండు గీతలూ కలిసే చోట చుక్క పెట్టండి. మెషిన్‌లో కుట్టు పొడవు బాగా తగ్గించండి, ఒకటిన్నర మిల్లీమీటరు చాలు. ఆ గీతకి ఒక్క పోగు అంచు వైపు జరిపి, మూలకి ఇటో అంగుళం అటో అంగుళం కుట్టండి. పట్టీ ఇంకా పెట్టకూడదు, ఒట్టి బొంత మీదే. అప్పుడు సన్న మొన ఉన్న చిన్న కత్తెరతో మూల నుంచి చుక్క వైపు ఏటవాలుగా కోసి, కుట్టుకి రెండు పోగుల ముందు ఆగిపోండి. గుడ్డలు కోసే పెద్ద కత్తెరతో వద్దు, దాని మొన అడుగున ఎక్కడిదాకా వెళ్లిందో కనపడదు, మీకు జరిగింది కూడా అదే అయ్యుంటుంది.

ఇప్పుడు పట్టీ. దాని విడి అంచులూ బొంత అంచూ కలిపి పెట్టి చుక్క దాకా కుట్టుకు రండి. సూది కిందే ఉంచి ఫుట్ ఎత్తండి. కట్ దగ్గర బొంతని విప్పితే మూల కాస్తా తిన్నగా అయిపోతుంది, మిగతా బొంతంతా ఎడమ పక్కన ముడతలు పడి గుమిగూడుతుంది. దాన్ని ఎడమ చేత్తో సూదికి దూరంగా తోసి పట్టుకుని, పట్టీని మడవకుండా, లాగకుండా అలాగే తిన్నగా కుట్టేయండి. బయటి మూలకి పట్టీ మడవాలి, లోపలి మూలకి మడవకూడదు, అందరూ ఇక్కడే పొరబడతారు. వెనక్కి తిప్పేసరికి ఆ మూలలో పట్టీ ఎక్కువై దానంతటదే చిన్న మడత పడుతుంది. సూదిమొనతో కాస్త సర్దితే ఫొటో ఫ్రేము మూలలా కూర్చుంటుంది. ముందు వైపు మడత ఇటు వాలితే వెనక మడత అటు వాల్చండి, లావంతా ఒక్కచోటే పడదు. వెనక వైపు చేత్తో హెమ్మింగే చేయండి, మెషిన్‌తో వెళ్తే ఆ చిన్న మడత మళ్లీ చెదురుతుంది.

ఆరుపలకల_పిచ్చి

పైన అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను బయటి మూలల సంగతి కలుపుతా. మీవి 90 డిగ్రీలు కాబట్టి తిరిగేశాయి, కానీ మూల కాస్త వంకర అయితే వీడియోల్లో చెప్పింది పనిచేయదు. నేను పెడన కలంకారీ ముక్కలతో డైనింగ్ టేబుల్‌కి ఆరు పలకల మ్యాట్లు కుట్టాను. ఆరు మ్యాట్లు, ఒక్కోదానికి ఆరు మూలలు. మొదటి రెండూ ఎవరికీ చూపించలేదు, వేడి గిన్నెల కింద మసిగుడ్డల్లా వాడుతున్నాం.

ఎక్కడ చూసినా అంచుకి పావు అంగుళం ముందు ఆగి మడవమంటారు. అది చదరం మూలకే నిజం. ఆగాల్సింది పావు అంగుళం కొలిచి కాదండీ, రెండు కుట్టు గీతలూ కలిసే చుక్క దగ్గర. చదరం మూలలో ఆ చుక్క సరిగ్గా పావు అంగుళం దూరంలో ఉంటుంది, అంటే ఆరు మిల్లీమీటర్ల పైచిలుకు. ఆరు పలకల దాంట్లో మూల 120 డిగ్రీలు, అక్కడ చుక్క అంచు వెంబడి కొలిస్తే మొనకి సుమారు 3.7 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. నేను ఆరు దగ్గర ఆగిపోతున్నా, మిగిలిన రెండున్నర మిల్లీమీటర్లు కుట్టు పడక పట్టీ నోరు తెరుచుకుని ఉండేది. గుమ్మం తోరణాలకి కింద మొనలు పెడతారు చూడండి, 60 డిగ్రీల మొనైతే లెక్క తిరగబడుతుంది, 11 మిల్లీమీటర్ల ముందే ఆగిపోవాలి. ఇదంతా మా అబ్బాయి కూర్చుని టాన్‌జెంట్లు వేసి చెప్పాడు, మీరు మాత్రం ఏ లెక్కా వేయక్కర్లేదు, స్కేలు పెట్టి రెండు గీతలు గీసుకుంటే చుక్క దానంతటదే దొరుకుతుంది.

మడత కూడా 45 డిగ్రీలు అని బట్టీ పట్టద్దు. చుక్క దగ్గర ఆగి దారం తెంపాక పట్టీని బయటికి మడవండి, దాని విడి అంచు మనం తర్వాత కుట్టబోయే అంచుతో ఒకే గీతలోకి రావాలి. స్కేలు ఆనించి చూస్తే తెలిసిపోతుంది. తర్వాత కిందికి మడవండి, ఆ మడత మూల మొనని తాకుతూ ఉండాలి. మళ్లీ అదే చుక్క నుంచి మొదలు. ఏ కోణానికైనా ఇదే పద్ధతి. సన్న మొనల్లో లావు ఎక్కువైతే లోపలి దూదో దుప్పటో కొంచెం కత్తిరించండి, పట్టీ జోలికి మాత్రం వెళ్లొద్దు.

సింపుల్_సీతాఫలం

ఇంత అవస్థ ఎందుకండీ, ఓ గాజు పెట్టి గీసి మూలలన్నీ గుండ్రంగా కోసేయండి, క్రాస్ పట్టీ వేసేయండి, అయిపోతుంది.

బెజవాడ_బ్లౌజులు

బయటి మూలలకి భేషుగ్గా పనిచేస్తుంది, కాదనను. కానీ ఆవిడ బాధ లోపలి మూలలతో. అక్కడ గుండ్రం చేసినా కట్స్ తప్పవు, ఒకటి కాదు నాలుగైదు ఇవ్వాలి. ఒక కట్‌కే ఏడుస్తున్న మనిషికి ఐదు చెప్తారా?

బ్రాడీపేట_సూదిదారం

😂 నిజమే. అక్కా, మీరు చెప్పినట్టు పాత గుడ్డ మీద కుట్టి చూశా, రెండోసారికే వచ్చేసింది. చుక్క దగ్గర బొంతని విప్పగానే మూల మాయమైపోవడం చూసి నాకే నవ్వొచ్చింది. లాగి కుట్టిన మొదటి మూల విప్పి మళ్లీ వేసుకుంటా, కోసేసిన రెండో మూలని ఏం చేయాలి? కట్ పావు అంగుళం దాటి ఇంకో పావు దాకా లోపలికెళ్లింది. అతుకేస్తే కనపడుతుందా? నెయిల్ పాలిష్ రాస్తే పోగులు ఆగుతాయని మా తోడికోడలు అంటోంది.

బెజవాడ_బ్లౌజులు

నెయిల్ పాలిష్ వద్దమ్మా, ఎండితే గట్టిపడి కూర్చున్నవాళ్లకి గుచ్చుకుంటుంది. అతుకూ వద్దు. పట్టీ మొత్తం విప్పేసి, నాలుగు చదరాలూ మూడు నుంచి మూడున్నర అంగుళాలకి పెంచి కోసేయండి. చెడిపోయిన చోటంతా ఆ కోతలో పోతుంది, కొత్త అంచు వస్తుంది. ఒక్కదాన్నే పెంచితే బల్ల మీద వేశాక ఎబ్బెట్టుగా ఉంటుంది, నాలుగూ పెంచండి.

బ్రాడీపేట_సూదిదారం

మరి పట్టీ పొడవు చాలదేమో? సరిగ్గా సరిపడా జోడించుకున్నా.

ఆరుపలకల_పిచ్చి

చాలుతుంది, అదే గమ్మత్తు. మూలలో చదరం కోస్తే చుట్టుకొలత మారదు, బయట ఎంత పోయిందో లోపల అంతా వస్తుంది. 48, 20, 48, 20 కలిపితే 136. చదరం మూడున్నా మూడున్నరున్నా 136 అంగుళాలే. కలిపే చోటికీ మడతలకీ ఇంకో 12 వేసుకుంటే 148. 44 పన్నాలో నాలుగు పట్టీలు కోసి ఉంటే మీ దగ్గర ఇంకా మిగలాలి కూడా. ఇంకెవరైనా కొనేవాళ్లుంటే పావు మీటరు అడగొద్దు, నాలుగు రెండున్నరలు పది అంగుళాలు, పావు మీటరు దానికి వెంట్రుకవాసి తక్కువ. 30 సెంటీమీటర్లు అడగండి.

ఇంకోటి, కుట్టే ముందు పట్టీని బొంత చుట్టూ ఓసారి ఊరికే పరిచి చూసుకోండి, జాయింటు ఏ మూల మీదా పడకుండా. పడితే మొదలుపెట్టే చోటు ఓ జానెడు ముందుకో వెనక్కో జరపండి. నా మూడో మ్యాటు అలాగే పోయింది.

బెజవాడ_బ్లౌజులు

అవునూ, ఆ ఎర్ర రూబియా ఉతికారా?

బ్రాడీపేట_సూదిదారం

లేదు 😶

బెజవాడ_బ్లౌజులు

ఎలాగూ విప్పుతున్నారుగా, ఓ తెల్ల గుడ్డముక్కతో కలిపి రాత్రంతా నీళ్లలో నానేయండి. ఆ ముక్కకి రంగు అంటితే మళ్లీ నానేయండి, అది తెల్లగా వచ్చేదాకా బొంత దగ్గరికి రానివ్వద్దు. ఆరాక మళ్లీ మధ్యకి మడిచి ఇస్త్రీ.

బ్రాడీపేట_సూదిదారం

నాలుగు రోజుల తర్వాత వచ్చా, చెప్పకపోతే బాగోదు. పట్టీ నానేస్తే మొదటిరోజు బకెట్ నీళ్లు రోజ్‌మిల్క్‌లా అయ్యాయి, రెండోరోజు లేత గులాబీ, మూడోరోజుకి తెల్లముక్క తెల్లగానే ఉంది. ఆ చీరల్లో ఒకటి హాఫ్‌వైట్, దాని పక్కన ఇది కుట్టి ఉతికుంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం.

చదరాలు నాలుగూ మూడున్నరకి కోశాను. కాపలా కుట్టు, చిన్న కత్తెర, అన్నీ చెప్పినట్టే. మొదటి మూల కొంచెం ఉబ్బింది, చుక్కకి ఒక కుట్టు ముందే తిప్పేశాను. విప్పాలనిపించలేదు, దాన్ని గోడ వైపు పెట్టేస్తా. మిగతా మూడూ భలే వచ్చాయి, ఆఖరిదాన్ని వేలితో తడిమితే మడత ఎక్కడుందో తెలియట్లేదు. వెనక హెమ్మింగ్ ఇంకా ఒక పక్క మిగిలింది. అత్తయ్యగారు ఆగలేక నిన్న సాయంత్రమే బల్ల మీద పరిపించుకున్నారు, గుండుసూదులు ఉన్నాయి చూసుకోండి అని అరిస్తే అవి లేని వైపు ఒరిగి కూర్చుని కాఫీ తాగారు.