సమస్య: దేశమును వీడి రాష్ట్రమ్ము తేజరిల్లె

నిర్వాహకుడు:
మిత్రులారా, టెక్సస్ అమెరికా నుంచి విడిపోవాలా వద్దా అని గత వారం సరదాగా మొదలైన వాదం ఇంకా ఆగలేదు. ఒకరు కొత్త దేశానికి నాణెం గీశారు, మరొకరు ప్రధానమంత్రిగా తన పేరే ప్రకటించుకున్నారు. ఆ ఉత్సాహాన్ని పద్యంలోకి మళ్ళిద్దాం. సమస్య తేటగీతి ఛందస్సులో ఉంది. దీన్ని చివరి పాదంగా పెట్టి మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి:

దేశమును వీడి రాష్ట్రమ్ము తేజరిల్లె

ప్రసంగం టెక్సస్ చుట్టూనే తిరగాలి. సమస్యా పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు. ఇంకొక్క మాట మనవి చేస్తాను. హాస్యం ఎంతైనా చేయండి, చరిత్ర మాత్రం తప్పకూడదు. టెక్సస్ కథలో నిజాలే పద్యానికి కావలసినంత రసవత్తరంగా ఉన్నాయి.

ఒంటితార:
మెక్సికో సేన నోడించి మిగుల వేడ్క
నొంటితారక జెండాను మింటికెత్తి
తొమ్మిదేండ్లేలుకొనెఁ దన్నుఁ దోడులేక;
దేశమును వీడి రాష్ట్రమ్ము తేజరిల్లె.

నిర్వాహకుడు:
ఒంటితార గారూ, ఆరంభం అదిరింది. అందరూ అమెరికాను వీడే టెక్సస్ గురించి ఆలోచిస్తుంటే మీరు మెక్సికోను వీడిన టెక్సస్‌ను పట్టుకున్నారు. దాంతో సమస్యలో అసంబద్ధత దానంతట అదే తొలగిపోయింది. 1836 మార్చి 2న స్వాతంత్ర్య ప్రకటన, ఏప్రిల్ 21న శాన్ హసింటో యుద్ధం, 1845 డిసెంబరు 29న అమెరికాలో చేరిక. మీరు చెప్పిన తొమ్మిదేళ్ళు లెక్కకు సరిపోయాయి. రెండో పాదంలో ‘ఒంటి – మింటి’ ప్రాసయతి (యతికి బదులు ప్రాస) చక్కగా కుదిరింది. ఆ పాదం చదువుతుంటే జెండా పైకి లేస్తున్నట్టే ఉంది.

తర్కవాగీశ:
నాకు రెండు సందేహాలు. మెక్సికోలో ఉన్నప్పుడు టెక్సస్ విడిగా ఒక రాష్ట్రం కాదు. కోవాహ్వీలాతో కలిపి ఒకే రాష్ట్రంగా ఉండేది. అలాంటప్పుడు ‘రాష్ట్రమ్ము’ అనవచ్చా? రెండోది, ఆ తొమ్మిదేళ్ళలో తేజరిల్లింది ఏముంది? ఖజానా ఖాళీ. వాళ్ళు అచ్చువేసిన ‘రెడ్‌బ్యాక్’ (వెనుకవైపు ఎర్రగా ఉండే) నోట్ల విలువ డాలరు నుంచి కొన్ని సెంట్లకు పడిపోయింది. అమెరికాలో చేరేనాటికి నెత్తిన కొండంత అప్పు.

ఒంటితార:
రాష్ట్రం అన్న మాట ఇప్పటి టెక్సస్‌కు వర్తిస్తుంది కదా. ఇక తేజస్సు అంటే డబ్బేనా తర్కవాగీశ గారూ? అప్పులో ఉన్నా తన జెండా తనది.

నిర్వాహకుడు:
మొదటి సందేహానికి ఒంటితార గారి సమాధానం చాలు. రెండోది తోసిపుచ్చదగింది కాదు. ఆ అప్పు సంగతి అమెరికాలో చేరాకే తేలింది. న్యూమెక్సికో వైపు భూములపై హక్కు వదులుకున్నందుకు 1850లో కేంద్రం టెక్సస్‌కు కోటి డాలర్లు ఇచ్చింది. కాబట్టి ‘తోడులేక’ అన్న మాటకు గర్వం ఎంత ఉందో దైన్యమూ అంత ఉంది. రెండు అర్థాలూ పలికిన పద్యం అది, అలాగే ఉండనివ్వండి.

కలహంస:
కలను టెక్ససు జెండాలు కదలియాడె
క్రొత్త నాణెము వచ్చెను, కొలువు తీరె;
నిదురలోఁ గంటి నిట్టుల, నిజము గాదు:
దేశమును వీడి రాష్ట్రమ్ము తేజరిల్లె.

నిర్వాహకుడు:
కలహంస గారూ, ఛందస్సులో వంక లేదు. నడక కూడా హాయిగా ఉంది. అయితే అసంభవాన్ని కలలోకి నెట్టడం అరిగిపోయిన దారి. ఏ సమస్య ఇచ్చినా ‘కలలో చూశాను’ అంటే సరిపోతుంది, అలాంటప్పుడు ఈ సమస్యకే ప్రత్యేకమైన విరుపు ఏముంటుంది? పైగా మొదటి పాదంలో ‘కల’ అన్నాక మూడో పాదంలో ‘నిదుర’ పునరుక్తి. ఆ పాదాన్ని ఇలా మార్చి చూడండి:

మెలకువను జూడ దీపమ్ము మిణుకుమనదు;

దీనితో చివరి పాదం కాకువుతో, అంటే గొంతు విరుపుతో, ప్రశ్న అవుతుంది. దీపం కూడా వెలగని చోట ‘తేజరిల్లె?’ అని అడిగినట్టు. తేజస్సుకూ దీపానికీ పొత్తు కుదిరింది, టెక్సస్‌లో నిజంగా జరిగింది కూడా అదే.

ఒంటితార:
ఈ పాదం నన్ను పట్టి కుదిపింది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో నలభై అయిదు లక్షలకు పైగా ఇళ్ళకూ దుకాణాలకూ కరెంటు పోయింది. కేంద్రం అజమాయిషీ వద్దని టెక్సస్ ఎప్పటినుంచో తన గ్రిడ్‌ను తనే నడుపుకొంటోంది. ఆ రోజు పక్క రాష్ట్రాల నుంచి కరెంటు తెచ్చుకుందామంటే దారులు మరీ ఇరుకు. అదే టెక్సస్‌లో ఉన్న ఎల్ పాసో నగరం పశ్చిమ గ్రిడ్‌తో కలిసి ఉంది కాబట్టి అంత దెబ్బ తినలేదు. విడిపోవడం ఎలా ఉంటుందో కరెంటు వరకు మేం చూశాం.

పద్యప్రియ:
వేరుపడుఁడంచు నేతలు వెఱ్ఱిమాట
చెప్ప విని నాలుగేండ్లు తాఁ జితికిపోయి
వగచి తుదకొక్కనాఁ డట్టి వారల యుప
దేశమును వీడి రాష్ట్రమ్ము తేజరిల్లె.

నిర్వాహకుడు:
భేష్! ‘ఉప’ను మూడో పాదం చివర ఉంచి ‘ఉపదేశమును వీడి’ అని విరిచారు. దేశం ఎక్కడికీ పోలేదు, పోయింది చెడ్డ సలహా. కొత్తగా రాస్తున్నవారి కోసం ఒక కిటుకు చెబుతాను. తేటగీతి పాదం సూర్యగణంతో ముగుస్తుంది, సూర్యగణం చివర లఘువే ఉంటుంది. అందువల్ల ఇక్కడ ‘ఆదేశము’, ‘సందేశము’ కుదరవు. ‘ఉపదేశము’, ‘విదేశము’, ‘ప్రదేశము’ కుదురుతాయి. పద్యప్రియ గారు అందులో కథకు అతికేదాన్ని ఎంచుకున్నారు.

సూరిశిష్య:
విరుపు బాగుంది. కానీ 1861లో టెక్సస్ అమెరికా నుంచి విడిపోతున్నామన్నప్పుడు వద్దన్నవాడు కూడా ఒకడున్నాడు కదా, గవర్నరు శామ్ హ్యూస్టన్. ఆయన పేరు లేకపోతే కథ సగమే. రెండో పాదం ఇలా ఉంటే?

హ్యూస్టనొక్కఁడు వలదన నెవరు వినరు

నిర్వాహకుడు:
సూచన చాలా విలువైనది. శాన్ హసింటోలో సేనను నడిపి టెక్సస్‌ను దేశంగా నిలబెట్టినవాడే, పాతికేళ్ళ తర్వాత విడిపోవద్దని అడ్డుపడ్డాడు. సమావేశంలో 166 మంది విడిపోదామంటే 8 మంది కాదన్నారు. ప్రజల ఓటులోనూ నలుగురిలో ముగ్గురు విడిపోవడానికే మొగ్గారు. అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమికి విధేయత ప్రమాణం చేయనన్నందుకు హ్యూస్టన్ పదవి పోగొట్టుకున్నాడు. అయితే మీ పాదంలో యతి చెడింది. ‘హ్యూ’లోని ఊకారానికి ‘నె’లోని ఎకారంతో మైత్రి లేదు. ఇలా సవరించవచ్చు:

హ్యూస్టనొక్కఁడు వలదన నొప్పరైరి

‘వలదనన్ + ఒప్పరైరి’ కాబట్టి ఒకారంతో యతి చెల్లుతుంది. ఈ పాదం పద్యప్రియ గారి పద్యంలో ఇమడదు, మూడో పాదంతో అన్వయం తెగుతుంది. దీన్ని పెట్టుకుని మీరే మరో పూరణ రాయండి.

పద్యప్రియ:
సంతోషం. సూరిశిష్య గారి పూరణ కోసం ఎదురు చూస్తాను. మరొక పూరణ ఉంది. 1861 గురించి రాసి బానిసత్వం ఊసెత్తకపోవడం నాకే వెలితిగా తోచింది. ఎందుకు విడిపోతున్నారో టెక్సస్ నాయకులు తమ ప్రకటనలో దాచకుండా రాసుకున్నారు, బానిసత్వాన్ని కాపాడుకోవడానికే.

జూను పందొమ్మిదిన వార్త సోఁకెఁ జెవుల
సంకెలలు తెగ జనులెల్ల సంతసింప
పాడు బానిసతనమను పాపమపుడు
దేశమును వీడి రాష్ట్రమ్ము తేజరిల్లె.

నిర్వాహకుడు:
వచ్చిన వాటిలో నా మనసును ఎక్కువగా కదిలించిన పద్యం ఇది. బానిసల విముక్తి ప్రకటన 1863 జనవరి 1 నుంచే అమలులోకి వచ్చినా, ఆ మాట టెక్సస్‌లో చెల్లడానికి సైన్యం గాల్వెస్టన్‌లో దిగాల్సి వచ్చింది. అది 1865 జూన్ 19. మధ్యలో రెండున్నరేళ్ళు! ‘వార్త సోఁకెఁ జెవుల’ అన్న మూడు మాటల్లో ఆ ఆలస్యమంతా ఉంది.

సూరిశిష్య:
భావానికి నమస్కారం. అన్వయం మాత్రం నిలవదు. దేశాన్ని వీడింది పాపం, తేజరిల్లింది రాష్ట్రం. ‘వీడి’ అన్న క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియకూ) ప్రధాన క్రియకూ కర్త ఒకటే కావాలి. ఇక్కడ ‘వీడ’ అనాలి, కానీ సమస్యను మార్చకూడదు.

కలహంస:
‘వీడి’ అంటే ‘ఇతని’ అని తీసుకుంటే? మూడో పాదం చివర ‘పాపమణఁగ’ అని, ‘దేశమును, వీడి రాష్ట్రమ్ము తేజరిల్లె’ అని విరవచ్చు. సంకెల తెగినవాడి దేశమూ రాష్ట్రమూ రెండూ వెలిగాయని అర్థం.

నిర్వాహకుడు:
సూరిశిష్య గారి ఆక్షేపణ సరైనదే. కలహంస గారి విరుపు తెలివైనదే అయినా నేను ఒప్పుకోలేను. తరతరాలుగా ఏకవచనంతో పిలిపించుకున్న మనిషి సంకెల తెగిన రోజున మనం కూడా ‘వీడు’ అనడమా? వ్యాకరణం అతికినా ఔచిత్యం పోతుంది. పద్యం ఇప్పటికి ఉన్నట్టే ఉండనిద్దాం. ఎవరికైనా మంచి సవరణ తడితే చెప్పండి.

కలహంస:
ఒప్పుకుంటున్నాను. వాతావరణం తేలికపడడానికి ఒక ముచ్చట. 1982 ఏప్రిల్ 23న ఫ్లోరిడాలోని కీ వెస్ట్ ఊరు అమెరికా నుంచి విడిపోతున్నట్టు ప్రకటించింది. దారిలో సరిహద్దు పోలీసుల తనిఖీలతో పర్యాటకులు రాకుండా పోతున్నారని మేయరుగారి నిరసన. నౌకాదళం దుస్తుల్లో ఉన్న ఒకాయన నెత్తిన ఎండిన రొట్టె విరిచి యుద్ధం ప్రకటించారు. ఒక్క నిమిషంలో లొంగిపోయి, వంద కోట్ల డాలర్ల సాయం అడిగారు. దీన్ని ఈ సమస్యలో ఇరికించవచ్చా?

నిర్వాహకుడు:
అద్భుతమైన కథ. కానీ అది ఊరు, సమస్యలో ఉన్నది రాష్ట్రం. దానికి వేరే సమస్య ఇస్తాను, రొట్టె పాదం చివర వచ్చేలా.

తర్కవాగీశ:
ఇంతసేపూ ఆక్షేపిస్తూనే ఉన్నాను, ఇక నా పూరణ:

చెఱుపరాని సమాఖ్యయుఁ జెఱుపరాని
రాష్ట్రములు నన్న తీర్పుండ రట్టుచేసి
యెవరు పలికెద రీమాట యింపుమీఱ:
“దేశమును వీడి రాష్ట్రమ్ము తేజరిల్లె”?

1869లో టెక్సస్ వర్సెస్ వైట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. విడిపోతున్నామన్న 1861 తీర్మానం చెల్లదని, టెక్సస్ ఏనాడూ సమాఖ్య బయట లేదని తీర్పు. 2012లో విడిపోవడానికి అనుమతి కోరుతూ లక్షా పాతికవేల మందికి పైగా సంతకాలు చేస్తే శ్వేతసౌధం ఇచ్చిన జవాబులోనూ ఈ తీర్పే ఉంది. చేరినప్పటి ఒప్పందంలోనే విడిపోయే హక్కు ఉందని కొందరు ఇప్పటికీ నమ్ముతారు. 1845 తీర్మానంలో ఉన్నది అది కాదు. టెక్సస్ భూభాగంలోంచి మరో నాలుగు రాష్ట్రాల దాకా ఏర్పరచుకోవచ్చని మాత్రమే ఉంది.

నిర్వాహకుడు:
న్యాయస్థానం మాటను తేటగీతి మొదటి పాదంలో ఇంత నిండుగా ఒదిగించినందుకు అభినందనలు. ‘చెఱుపరాని’ రెండుసార్లు రావడం పునరుక్తి కాదు, తీర్పులోని బలమే అది. మూడో పాదంలో ‘యింపుమీఱ’ మాత్రం పాదపూరణకే వచ్చింది. దాని చోట ‘యిచట నిలిచి’ అనండి. గణాలూ యతీ చెడవు, అడిగే ప్రశ్నకు చోటు కూడా దొరుకుతుంది.