రోజూ రాత్రి మూడు మంచి విషయాలు రాస్తున్నా, టెన్షన్ తగ్గడం లేదు

ప్రశ్న (కర్నూలు)
అందరికీ నమస్తే. నేను ఒక ప్రైవేట్ ఫైనాన్స్ ఆఫీసులో కలెక్షన్ పని చేస్తాను. నెలాఖరు వచ్చిందంటే టార్గెట్ టెన్షన్, ఇంటికొచ్చి పిల్లల మీద అరవడం. పడుకునే ముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాసుకుంటే మనసు తేలికపడుతుందని ఎవరో చెప్తే, నోట్‌బుక్ కొని పదిహేను రోజులుగా రాస్తున్నాను. మొదట్లో బాగానే ఉంది, తర్వాత రోజూ అవే: ఆరోగ్యం, పిల్లలు, సొంతిల్లు. ఇప్పుడు హోంవర్క్ లాగా అయిపోయింది, పైగా ఇన్ని ఉండి కూడా ఎందుకు బాధపడుతున్నానా అని ఇంకో బాధ మొదలైంది. నేను తప్పుగా చేస్తున్నానా?

జవాబు (అనంతపురం)
తమ్ముడూ, నేను టీచర్‌ని. "ఆరోగ్యం" అని ఒక్క మాట రాస్తే మనసుకు ఏమీ తగలదు. మొన్న ఆటోలో క్యారియర్ మర్చిపోతే ఆటో ఆయన అంత ఎండలో మళ్లీ బడి దాకా వచ్చి ఇచ్చిపోయాడు, నేను అది రాశాను, ఆయనకు రావాల్సిన పనేమీ లేదు, నేను ఆకలితో ఉంటానని వచ్చాడు అని కారణం కూడా రాశాను. 2005లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త సెలిగ్‌మన్ బృందం పరీక్షించిన పద్ధతిలో కూడా వారం పాటు రోజూ మూడు విషయాలతో పాటు అవి ఎందుకు జరిగాయో కూడా రాయాలి. ఆ రెండో సగాన్నే అందరూ వదిలేస్తారు.

జవాబు (కడప)
రోజూ ఎందుకు? ఎమన్స్, మెకలౌ అనే మనస్తత్వ పరిశోధకులు 2003లో ప్రచురించిన ఒక ప్రయోగంలో వారానికి ఒక్కసారే, పది వారాలు రాయించారు. చిరాకులు రాసినవాళ్ల కంటే కృతజ్ఞతలు రాసినవాళ్లు జీవితం గురించి మెరుగ్గా అనుకున్నారు. నేను ఆదివారం మాత్రమే రాస్తాను. ఇంకోటి, "ఇన్ని ఉండి కూడా" అనే మాట మానేయండి. చెప్పు కరుస్తుంటే, కాళ్లున్నందుకు సంతోషించమంటే కోపం రాదా?

జవాబు (కర్నూలు)
నాకు రాయడం అస్సలు పడలేదు, చెప్పడం పనిచేసింది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు మా వీధి చివర మేడ ఇంటివాళ్లు, అంతకుముందు పలకరింపు కూడా లేనివాళ్లు, మా ఏడుగురినీ పైకి పిలిచి రెండు రాత్రులు ఉంచుకున్నారు, ఉన్న బొరుగులే అందరికీ పంచారు. తర్వాత ఎవరి బురద వాళ్లు కడుక్కోవడంలో పడి ఒక్క మంచి మాట చెప్పలేదు. పోయిన సంవత్సరం వెళ్లి ఆ పెద్దమ్మకు చెప్పాను. "మీ చిన్నోడు రాత్రంతా ఏడ్చినాడు కదా, ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడిగింది. నాకు మాట రాలేదు. ఆ వారమంతా ఆఫీసులో ఎవరేమన్నా మనసుకు పట్టలేదు.

జవాబు (అనంతపురం)
నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే నోట్‌బుక్ మీద ఆధారపడొద్దు తమ్ముడూ. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి, 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. టార్గెట్ అన్యాయంగా ఉంటే అది కూడా మేనేజర్‌కి చెప్పాల్సిందే, కృతజ్ఞత పేరుతో నోరు నొక్కుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు
నిద్ర పడుతోంది అక్కా, అంతవరకు పర్వాలేదు. ఈ రాత్రి ఒక్కటే రాశాను. వాయిదా డబ్బు అడగడానికి పోతే ఒక ముసలాయన, "ఎండన పడి వచ్చినావు నాయనా" అని ముందు చెంబుతో నీళ్లిచ్చాడు. కారణం రాయబోతే పెన్ను కదల్లేదు, చాలాసేపు అట్లే కూర్చున్నాను. రేపు ఆయనకు గడువు పెంచమని మేనేజర్‌ని అడుగుతాను.